కుడిచేతిలో తకధిమి... ఎడమచేతిలో తకిట!

గురువు లేడు. చిన్నప్పుడు నేర్చుకున్నదీ లేదు. ఉద్యోగం, ఇల్లు, ఈఎంఐల మధ్య అరగంట దొరికితే పియానో ముందు కూర్చుని షోపాన్‌తో కుస్తీ పట్టేవాళ్లున్నారు. ఏముంది ఆ కుస్తీలో?

పేపరు ఒక్క నిమిషం పక్కన పెట్టండి. రెండు చేతులూ మోకాళ్ల మీద ఉంచండి. కుడిచేత్తో ‘తకధిమి’ అంటూ సమానంగా నాలుగు దెబ్బలు వెయ్యండి. వచ్చింది కదా! ఇప్పుడు ఎడమచేత్తో ‘తకిట’ అంటూ మూడు. అదీ వచ్చింది. సరే, రెండూ కలిపి వెయ్యండి. కుడిచేయి నాలుగు కొట్టే సమయంలోనే ఎడమచేయి మూడు కొట్టాలి. ఒకేసారి మొదలవ్వాలి. మధ్యలో ఏ చెయ్యీ రెండోదాని కోసం ఆగకూడదు, ఉరకకూడదు...

రాలేదా? కంగారు పడకండి. మొదటిసారి దాదాపు ఎవరికీ రాదు. కుడిచేయి వెళ్లి ఎడమచేతితో కలిసిపోతుంది. లేదంటే ఎడమచేయే నాలుగు కొట్టేస్తుంది. ఇంట్లో మృదంగమో తబలానో నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లని అడగండి. మీకంటే ముందు వాళ్లకే వస్తుంది.

ఇదే చిక్కుముడిని మెరుపు వేగంతో, పేజీలకు పేజీలు వాయించాల్సిన పియానో రచన ఒకటుంది. పేరు ‘ఫాంటసీ ఇంప్రాంప్చు’. పోలెండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ షోపాన్ 1834 ప్రాంతంలో రాశాడు. అప్పటికి ఆయనకు నిండా పాతికేళ్లు లేవు. మొత్తం వాయిస్తే ఐదు నిమిషాలు. మొదటి భాగం, చివరి భాగం వేగంగా సాగుతాయి. అక్కడ కుడిచేయి నాలుగేసి, ఎడమచేయి మూడేసి స్వరాలు పలికిస్తూ పోతాయి. ఆరితేరినవాళ్లు వాయించే వేగంలో కుడిచేయి సెకనుకు దాదాపు పది స్వరాలు కొడుతుంది. ఎడమచేయి ఏడెనిమిది. కంటికి వేళ్లు కనపడవు!

కౌకూర్‌లోని మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదింటి దాకా నడిచే పని ఇదే. చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి పాట నాకొక్కడికే వినపడుతుంది. కింది పోర్షన్‌లో వాళ్లకు మాత్రం మీటల చప్పుడు వినిపిస్తుందట. ‘ఏం సార్, రాత్రిపూట రోట్లో ఏమన్నా దంచుతున్నరా?’ అని ఓ రోజు అడిగారు. మర్నాడే కింద మందపాటి చాప వేశాను. డిజిటల్ పియానో కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పని సంగతుల్లో ఇదొకటి. అసలు పియానోలా బరువుగా ఉండే మీటలు నొక్కిన ప్రతిసారీ ‘టక్’మంటాయి. ఆ చప్పుడు నేలలోంచి కిందికి దిగుతుంది.

లష్కర్ దాటాక...

లష్కర్ దాటి, అల్వాల్, బొల్లారం మీదుగా వస్తే కౌకూర్. ఇక్కడ పియానో ఏంటి అనిపించొచ్చు. నిజానికి నగరానికి ఈ వైపు అది కొత్త వస్తువేం కాదు. బొల్లారం పాత దండు ప్రాంతం. హోలీ ట్రినిటీ చర్చిని అక్కడ 1847లో కట్టారు. 1983 నవంబరులో రెండో ఎలిజబెత్ రాణి భర్తతో కలిసి ఆ చర్చికి వచ్చారు, తమ పెళ్లిరోజున. దొరల కాలంలో ఇలాంటి దండు ప్రాంతాల బంగళాల్లో, క్లబ్బుల్లో పియానో మామూలు సామానే. దొరలు వెళ్లిపోయారు. పియానోలు కొన్ని వాళ్లతో వెళ్లాయి, కొన్ని చెదలకు పోయాయి.

మనకు మాత్రం పియానో తెలిసింది సినిమాల్లోంచే. పెద్ద హాలు, వంపు తిరిగిన మెట్లు, పుట్టినరోజు పార్టీ, మధ్యలో నల్లగా మెరిసే పియానో... ‘పూజాఫలం’ (1964)లో జమున పియానో ముందు కూర్చున్న పాటను, సాలూరి రాజేశ్వరరావు కట్టిన ఆ బాణీని మరిచిపోయినవాళ్లు తక్కువ. తెరమీద పియానో అంటే ధనవంతుల ఇల్లని అర్థం. మామూలు ఇళ్లలోకి అది రాలేదు. రావడం కష్టం కూడా. గోడకి ఆనించే రకం పియానోయే దాదాపు రెండు క్వింటాళ్లు తూగుతుంది. లోపల దాదాపు 230 తీగలు. అన్నీ కలిపి లాగే బలం 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. మన ఎండలకు, వానల తేమకు శ్రుతి జారుతూ ఉంటుంది. సరిచేసేవాళ్లు ఊరికొకరు కూడా ఉండరు.

అందుకని మన దగ్గర మీటల వాద్యం వేరే రూపాల్లో ఇంట్లోకి వచ్చింది. ముందు హార్మోనియం. తర్వాత ఎనభై, తొంభైల్లో ‘కాసియో’. కంపెనీ ఏదైనా సరే, కీబోర్డు అంటే కాసియోనే! పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి పాటల బృందాల్లో ఎవరూ నేర్పకుండానే చెవితో విని వాయించేసినవాళ్లు ఎందరో. స్వరలిపి చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు. పాట మాత్రం ఏ శ్రుతిలో అడిగితే ఆ శ్రుతిలో అందుకుంటారు. ‘సొంతంగా నేర్చుకున్న పియానిస్టు’ అనే మాట మనకు కొత్తగా ఉన్నా, మనుషులు కొత్తకాదు.

అయితే చెవితో వాయించడం వేరు, షోపాన్ రాసింది రాసినట్టు వాయించడం వేరు. సినిమా పాటలో ఒక స్వరం అటూ ఇటూ అయినా ఇంకోదానితో సర్దుకోవచ్చు. ఇక్కడ సర్దుబాటు కుదరదు.

నాచు పండించే తొకునాగ

జపాన్‌లో సగ అనే ప్రాంతం ఉంది. అక్కడి సముద్రంలో నోరి అనే నాచును సాగుచేస్తారు. అన్నం ముద్దలకు చుట్టే నల్లటి పల్చని రేకులు దాంతోనే చేస్తారు. ఆ నాచు సాగు చేసే యోషియాకి తొకునాగకు 52 ఏళ్లు వచ్చేదాకా పియానో మీద వేలు పెట్టిన అనుభవం లేదు. తీరిక దొరికితే పచింకో ఆటశాలకు వెళ్లేవాడు. ఓ రోజు టీవీలో ఫుజికో హెమింగ్ అనే పియానిస్టు ‘లా కంపనెల్లా’ వాయిస్తుంటే విన్నాడు. అంతే, తనూ దాన్ని వాయించాలనుకున్నాడు!

లా కంపనెల్లా అంటే చిన్న గంట. లిస్ట్ రాసిన ఆ రచనలో కుడిచేయి క్షణంలో రెండేసి స్థాయిలు దాటి దూకాలి. సంగీత కళాశాలల్లో చదివినవాళ్లే జంకుతారు. తొకునాగ భార్య పియానో టీచరు. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది, ‘నీవల్ల కాదు’ అని. ఆయనకు స్వరలిపి చదవడం రాదు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో తెరమీద చూపించే వీడియోని ఆపుతూ, నడుపుతూ ఒక్కో స్వరమే పట్టుకున్నాడు. రోజుకు ఎనిమిది గంటల దాకా కూర్చున్నాడట. ఏళ్ల తర్వాత ఫుజికో హెమింగ్ ఎదుటే ఆ రచన వాయించాడు. ఆయన కథతో 2025లో జపాన్‌లో సినిమా కూడా వచ్చింది.

నాకు ఆ కథలో బాగా నచ్చింది భార్య మాటే. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పిన టీచరు ఇంకేమంటుంది!

ఎనిమిది గంటలు మనకెక్కడివి అంటారా? ఇంకో ఉదాహరణ ఉంది. అలన్ రస్‌బ్రిడ్జర్ బ్రిటన్‌లో ‘ది గార్డియన్’ పత్రికకు సంపాదకుడిగా ఉండగా, 2010లో షోపాన్ రాసిన మరో కష్టమైన రచన ‘జి మైనర్ బలాడ్’ను ఏడాదిలో నేర్చుకోవాలని పెట్టుకున్నాడు. అప్పటికి వయసు 56. చిన్నప్పుడు కొంత నేర్చుకున్నవాడే. రోజుకు ఇరవై నిమిషాలు, అదీ పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు. ఇంతలో వికీలీక్స్ వచ్చిపడింది. ఫోన్ హ్యాకింగ్ కుంభకోణం వచ్చిపడింది. రెండూ ఆయన పత్రిక ముందుండి నడిపించిన వార్తలే. ఏడాది అనుకున్నది పదహారు నెలలైంది. చివరికి స్నేహితుల ముందు వాయించాడు. ఆ అనుభవాన్ని 2013లో పుస్తకంగా తెచ్చాడు. ఆయనకు సలహా చెప్పేందుకు టీచర్లున్నారు, పేరున్న పియానిస్టులున్నారు. మనకున్నది ఫోను, మెట్రోనోం ఆప్. పోలిక అక్కడితో ఆగుతుంది. కానీ ఇరవై నిమిషాలు మాత్రం అందరికీ ఒకటే.

మనకు తెలిసిన లెక్కే!

మళ్లీ ఆ తకధిమి, తకిట దగ్గరికి వద్దాం. ఒకటి నుంచి పన్నెండు దాకా నిదానంగా లెక్కపెట్టండి. 1, 4, 7, 10 అన్నప్పుడు కుడిచేయి వెయ్యండి. 1, 5, 9 అన్నప్పుడు ఎడమచేయి. వరసగా చూస్తే మొత్తం ఆరే దెబ్బలు: రెండూ కలిసి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. అంతే! టీ కాచుకుంటూ గట్టు మీద వేసి చూడండి. రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది.

పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద గండం. మనకు కాకూడదు. కర్ణాటక సంగీతంలో తిశ్రం అంటే మూడు, చతురశ్రం అంటే నాలుగు, ఖండం ఐదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. కచేరీలో రాగం తానం పల్లవి విన్నప్పుడు గమనించండి. గాయకులు చేత్తో తాళం మార్చకుండా వేస్తూనే, పల్లవిని తిశ్రంలోకి తిప్పుతారు. చెయ్యి ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో! సభలో కూర్చున్న పెద్దవాళ్లు తొడమీద తాళం వేస్తూ తల ఊపుతారు. ఇంతకంటే పాఠం ఏం కావాలి?

ఇంకో సంగతి కూడా మనవాళ్లు ఎప్పుడో చెప్పిందే. సరళీ వరుసలు మొదటిరోజు నుంచీ మూడు కాలాల్లో సాధన చేయిస్తారు. మొదటి కాలం నిలకడగా వస్తేనే రెండో కాలం. పియానోలో అచ్చం ఇదే పని మెట్రోనోం చేస్తుంది. 1815లో మెల్జెల్ దాని మీద హక్కులు తీసుకున్నప్పుడు అది తాళం కొట్టే చెక్కపెట్టె. ఇప్పుడు ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. ఫాంటసీ ఇంప్రాంప్చుని నిమిషానికి 40 దెబ్బల దగ్గర మొదలుపెట్టాలి. ఆ వేగంలో అది పాటలా ఉండదు. కుళాయి కారుతున్నట్టు ఉంటుంది. అయినా అక్కడే ఉండాలి. తప్పులేకుండా వరసగా మూడుసార్లు వచ్చాక 44. మళ్లీ 48. ఒక్కోసారి 60కి వెళ్లి 52కి దిగాల్సి వస్తుంది.

సొంతంగా నేర్చుకునేవాళ్లను పట్టి పీడించేది వేళ్లు కాదు, మొదటి పేజీ. కూర్చోగానే మొదటినుంచి ఎత్తుకోవడం, తప్పొచ్చిన చోట ఆగి మళ్లీ మొదటికి పోవడం. ఆర్నెల్లు గడిచాక చూస్తే మొదటి పేజీ అద్భుతంగా ఉంటుంది, నాలుగో పేజీ నిన్న మొదలుపెట్టినట్టుంటుంది. పాట వినాలన్న ఆశే ఇక్కడ శత్రువు. టీచరుంటే ‘ఆ రెండు గళ్లే వాయించు’ అని కూర్చోబెడతారు. టీచరు లేనివాళ్లు ఆ మాట తమకు తామే చెప్పుకోవాలి. అరగంట దొరికితే కష్టమైన రెండు గళ్లు, కుడిచేయి విడిగా, ఎడమచేయి విడిగా, తర్వాత కలిపి. మొదటి పేజీ ఆదివారానికి!

పన్నెండు లెక్క నిదానంగా ఉన్నప్పుడే పనికొస్తుంది. వేగం పెరిగాక లెక్కపెట్టే తీరిక ఉండదు. అప్పుడు ఏ చెయ్యి దారి దానిది. ఒక్కో దెబ్బ మొదట్లో కలుసుకుంటే చాలు. లెక్కను ఎప్పుడు వదిలెయ్యాలి అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. నన్నడిగితే, కళ్లు మూసుకుని ఆరు దెబ్బలూ నిదానంగా వేయగలిగిన రోజున వదిలెయ్యొచ్చు.

వీడియోల సంగతి కూడా చెప్పాలి. రంగురంగుల గీతలు పైనుంచి మీటల మీదికి రాలుతూ ఉంటాయి. ఏ మీట ఎప్పుడు అన్నది బాగానే తెలుస్తుంది. ఏ వేలితో అన్నది తెలియదు. పియానోలో సగం చదువు వేలి అంకెల్లోనే ఉంది. ఈ రచనకు రెండు పాఠాలున్నాయి, ఇది మరో తిరకాసు. షోపాన్ 1849లో చనిపోయాడు. అచ్చుకాని తన కాగితాలు కాల్చెయ్యమన్నాడు. స్నేహితుడు జూలియన్ ఫాంటానా ఆ మాట వినకుండా 1855లో దీన్ని అచ్చువేయించాడు. ‘ఫాంటసీ’ అన్న ముక్క కూడా ఆయన తగిలించిందే. 1960లో ఆర్థర్ రూబిన్‌స్టైన్ అనే మహా పియానిస్టుకు పారిస్‌లో షోపాన్ 1835లో స్వయంగా రాసిచ్చిన ప్రతి దొరికింది. చూస్తే ఫాంటానా పాఠానికీ దానికీ చాలాచోట్ల తేడాలు! అందుకే వీడియోలో ఒకటి, చేతిలో కాగితంలో ఇంకొకటి కనిపిస్తే బుర్ర పాడుచేసుకోకుండా ఏదో ఒక ప్రతినే నమ్ముకోవాలి. పాత అచ్చు ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో తీయించుకుంటే చత్వారం వచ్చినవాళ్లకు హాయి.

రాత్రి రానిది పొద్దున!

రాత్రి ఎంత తిప్పలు పడినా రాని ముక్క పొద్దున్నే లేచి వాయిస్తే వచ్చేస్తుంది. ఇది భ్రమ కాదు. అమెరికాలో మాథ్యూ వాకర్ బృందం 2002లో చేసిన ప్రయోగం ఇది. నాలుగు వేళ్లతో ఒక చిన్న వరసను కొట్టడం నేర్పి, కొందరిని పగలంతా మెలకువగా ఉంచి, కొందరిని రాత్రి నిద్రపోనిచ్చి మళ్లీ పరీక్షించారు. మెలకువగా ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నిద్రపోయి లేచినవాళ్ల వేగం మాత్రం అదనపు సాధన ఏదీ లేకుండానే దాదాపు 20 శాతం పెరిగింది. వారమంతా ఎగ్గొట్టి ఆదివారం నాలుగు గంటలు కూర్చునేవాళ్లకు ఆ రాత్రుల లాభం దక్కదు.

ఇంకోవైపు, వేళ్లు అరగదీస్తే వచ్చే నష్టం కూడా చిన్నది కాదు. రాబర్ట్ షూమన్ లా చదువు వదిలేసి, ఇరవై ఏళ్ల వయసులో గొప్ప పియానిస్టు కావాలని ఒక యంత్రంతో వేళ్లకు కసరత్తు చేయించాడు. 1830ల మొదట్లోనే కుడిచేతి వేలు మాట వినడం మానేసింది. ఆయన వాయించడం వదిలి స్వరాలు రాయడం పట్టుకున్నాడు. యంత్రం వల్లనా, నరాల జబ్బు వల్లనా అన్నది ఇప్పటికీ వాదనే. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 36 ఏళ్ల వయసులో కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకుపోయాయి. ముప్ఫై ఏళ్లు ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ, తర్వాత రెండు చేతులతో మళ్లీ వేదికెక్కాడు. పగలంతా కంప్యూటరు మీద వేళ్లు ఆడించే ఉద్యోగులు మరీ జాగ్రత్తగా ఉండాలి. మణికట్టులో సలుపు మొదలైతే ఆ రోజుకి మూత వేసెయ్యడమే. అలసట వేరు, నొప్పి వేరు.

365 గంటలు

రోజుకు అరగంట లెక్కన రెండేళ్లంటే 365 గంటలు. ఐదు నిమిషాల పాట కోసం! ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు... వీటి మధ్య ఎవరూ అడగని, ఎవరూ వినని పని. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. కావాలంటే లండన్ సంస్థల గ్రేడ్ పరీక్షలు మన నగరంలోనూ రాయొచ్చు, పెద్దవాళ్లూ రాయొచ్చు. కానీ సాధారణంగా ఆ హాల్లో పక్కన కూర్చునేది పదేళ్ల పాప. అది తట్టుకోగలిగితే ఇబ్బందేం లేదు.

‘ఇన్ని రోజులుగా అదే ముక్కేనా, ఇంకోటి రాదా?’ అని ఇంట్లో అడుగుతారు. హెడ్‌ఫోన్స్ తీసి వినిపించిన రోజున పాట మొదలైందని కూడా వాళ్లకు తెలియకపోవచ్చు, నిదానంగా వాయిస్తే అలాగే ఉంటుంది మరి. అలాంటి రోజుల కోసమే షోపాన్ మధ్యలో ఒక భాగం రాసి పెట్టాడేమో! రెండు వేగాల నడుమ అది నెమ్మదిగా, లాలిపాటలా సాగుతుంది. 1918లో అమెరికాలో ఆ బాణీనే తీసుకుని సినిమా పాటలాంటి పాట కట్టేశారు. మొదటినుంచి కాకుండా ఈ మధ్యభాగంతో మొదలుపెట్టడం మేలని నా ఉద్దేశం. రెండు మూడు నెలల్లో ఇంట్లోవాళ్లకు వినిపించేంత వస్తుంది. టీవీ సౌండు తగ్గిస్తారు కూడా.

అన్నిటికంటే మంచి చోటు చివర్లో ఉంది. వేగమంతా అయిపోతుంది. కుడిచేయి కింద నీళ్లు కదిలినట్టు సన్నగా కదులుతూ ఉంటుంది. ఆ అలల కింద ఎడమచేయి ఆ మధ్యలోని లాలిపాట బాణీనే మంద్రంలో, ఎవరికీ చెప్పకుండా, మళ్లీ ఒకసారి వాయిస్తుంది. అది వేగంగా వాయించాల్సిన పని లేదు. ఇప్పటికే వచ్చేసింది.

మిగతాది ఈ వారానికి 72 దగ్గర ఉంది. చేరాల్సింది 160.